వేలూరు ప్రయాణానికి ఒంగోలు రోడ్ల మీద

ఒంగోలు పట్టణం నుండి నాలుగు దిక్కులకూ నాలుగు దారులున్నాయి. తూర్పున కొత్తపట్నం సముద్రానికి, ఉత్తరాన గుండ్లకమ్మ మీదుగా గుంటూరు వైపుకు, పడమట చీమకుర్తి, పొదిలి వైపుకు, దక్షిణాన నెల్లూరుకు. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన మాకు ఇవి బస్సు కిటికీలోనుండి తెలిసిన దారులే. గత ఆగస్టు నెల మధ్యనుండి వాటిని సైకిళ్ల మీద కొత్తగా నేర్చుకుంటున్నాము. రానున్న ఫిబ్రవరి రెండవ వారంలో, ప్రభువు చిత్తమైతే, మేము పద్నాలుగు మందిమి ఒంగోలు నుండి వేలూరు వరకు సుమారు 360 కిలోమీటర్లు సైకిళ్లపై వెళ్లదలచాము. మాలో పెద్దవారు 58 ఏళ్ల రిటైర్డు మాష్టారు, చిన్నవాడు 19 ఏళ్ల డిగ్రీ విద్యార్థి. ఇద్దరు స్త్రీలున్నారు, ఒకరు నర్సు, ఒకరు ఆదివార బడి టీచరు. ఎవరమూ ఆటగాళ్లం కాము. ఆ ప్రయాణం సంగతి ముగిశాక రాయవచ్చు. ఈ దారులు మాకు ఏమి నేర్పుతున్నాయో, ఎవరి నిమిత్తం ఈ ప్రయాస పడుతున్నామో ఇప్పుడే పాఠకులతో పంచుకోవాలనిపించింది.

ఎవరి కోసం

మా సంఘంవారిలోను, ఇరుగుపొరుగు ఊళ్లలోను మూత్రపిండాలు పాడై డయాలసిస్ మీద ఆధారపడి బ్రతుకుతున్నవారు ఏడుగురున్నారు. వారిలో ముగ్గురు మన సంఘాలకు చెందినవారు కారు. ఈ జబ్బు ముదిరినవారికి సాధారణంగా వారానికి మూడుసార్లు, ప్రతిసారీ దాదాపు నాలుగు గంటలపాటు యంత్రం ద్వారా రక్తం శుద్ధి చేయవలసి ఉంటుంది. పేదలకు జిల్లా ఆసుపత్రుల్లో ఉచితంగా డయాలసిస్ చేసే జాతీయ కార్యక్రమం 2016లో మొదలైంది. మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో టిక్కెట్టు కూడా లేదు. ఇవి గొప్ప మేళ్లు. అందుకు కృతజ్ఞత చెప్పాలి.

అయితే మిగిలే ఖర్చు ఒకటుంది. అది ఏ ఆసుపత్రి బిల్లులోనూ కనబడదు. పొదిలి అవతలి పల్లెనుండి వచ్చే ఒక అక్క సంగతి చెప్తాము. ఆమె ఊరు ఒంగోలుకు 60 కిలోమీటర్లు. రాకపోకలు కలిపితే 120. వారానికి మూడుసార్లంటే 360. మేము ఆరు నెలలు సాధన చేసి నాలుగు రోజుల్లో తొక్కబోయే దూరం ఎంతో, ఆ అక్క ప్రతి వారమూ అంత దూరం నీరసించిన ఒంటితో బస్సులో కూర్చుని వెళ్తోంది. సంవత్సరానికి 18,720 కిలోమీటర్లు. తోడు వచ్చే భర్తకు టిక్కెట్టు కొనాలి. ఆ మూడు రోజుల కూలి పోతుంది. యంత్రం మీదనుండి లేచాక కళ్లు తిరిగితే బస్టాండుకు ఆటో కావాలి. ఆకలికి ఏదైనా కొనాలి. ఈ చిల్లర ఖర్చులకు తాళలేక వారానికి మూడు డయాలసిస్‌లను రెండు చేసుకునే కుటుంబాలున్నాయి. తప్పిన ఆ ఒక్క రోజున ఒంట్లో నీరు చేరుతుంది, ఆయాసం వస్తుంది, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. మా సైకిలు యాత్ర ఆ మూడవ రోజు కోసం.

తూర్పు దారి

మొదటి వారాల్లో మేము తూర్పు దారినే పట్టాము. కొత్తపట్నం సుమారు 18 కిలోమీటర్లు. నేల బల్లపరుపుగా ఉంటుంది. కొత్తగా సైకిలు ఎక్కినవారికి ఇంతకంటే మంచి బడి లేదు. తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరితే రొయ్యల చెరువుల మీద గాలిమరలు నీళ్లు చిమ్ముతున్న చప్పుడు, ఆపైన సరుగుడు తోటలు, చివర అలల హోరు. కిలోమీటరు రాయి చూడకుండానే ఎంత దూరం వచ్చామో చెవులకు తెలిసిపోతుంది.

సముద్రానికి కాస్త ముందు బకింగ్‌హాం కాలువ దాటాలి. మేము ప్రతిసారీ అక్కడ దిగి నీళ్లు తాగుతాము. ఒకప్పుడు పడవలు తిరిగిన ఈ కాలువకు మన చరిత్రతో సంబంధముంది. 1876-78 నాటి మహా కరువులో ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ గారు ఈ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి ఇప్పించారు. ఊరికే గింజలు పంచడం కాక, పని చూపి, కూలి ఇచ్చి, గౌరవంగా బ్రతికించారు. మరొక మాట. కరువు సహాయం సాగినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మమివ్వడానికి ఒప్పుకోలేదు. అన్నం కోసం వచ్చారన్న మాట ఎవరి మీదా పడకూడదని ఆయన ఉద్దేశం. మా ఏడుగురి జాబితాలో ఎవరు ఏ మతంవారని మేము అడగకపోవడానికి ఆ కాలువ గట్టు మీద జరిగిన సంభాషణే కారణం.

ఉత్తరపు దారి

శీతాకాలంలో మన తీరాన గాలి ఈశాన్యం నుండి వీస్తుంది. అందుచేత ఉత్తరం వైపు వెళ్లేటప్పుడు ఎదురుగాలి, తిరిగి వచ్చేటప్పుడు వెనుకగాలి. వేలూరు ప్రయాణం దక్షిణానికి గనుక గాలి మాకు తోడుంటుంది. ఉన్నా లేకున్నా తొక్కగలగాలి గదా అని నవంబరు, డిసెంబరు నెలల్లో వారానికొకసారి కావాలనే ఎదురుగాలిలోకి వెళ్లాము.

ఎదురుగాలిలో బలం చూపించబోతే అరగంటలో కాళ్లు బరువెక్కుతాయి. వేగం తగ్గించుకుని, ఒంటిని కాస్త ముందుకు వంచి, ఒకరి వెనుక ఒకరు వరుసగా వెళ్లాలి. ముందున్నవారు గాలిని కోస్తారు, వెనుకవారికి శ్రమ తగ్గుతుంది. పది నిమిషాలకొకసారి ముందున్నవారు పక్కకు తప్పుకుని వరుస చివరకు వస్తారు. బలవంతులు కాస్త ఎక్కువసేపు, బలహీనులు కాస్త తక్కువసేపు ముందుంటారు. ఈ పద్ధతిలో మా మాష్టారు, ఆ పిల్లవాడు ఒకే సమయానికి గుండ్లకమ్మ చేరుతున్నారు.

ఒంగోలుకు సుమారు పది మైళ్ల దూరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి ఉంది. కరువు తీరిన తరువాత 1878 జూలై 3న ఒక్క దినాన 2,222 మంది ఈ నదిలో బాప్తిస్మం పొందిన సంగతి మన కుటుంబాల్లో ముత్తాతల కాలంనుండి చెప్పుకుంటున్నదే. వారిలో చాలామంది దూర గ్రామాలనుండి కాలినడకన వచ్చినవారు. వాళ్ల నడక ముందు మా సైకిలు ప్రయాణం ఏపాటిది అని మాలో ఒకరన్నారు. అప్పటికి మోకాళ్ల నొప్పి గురించి మాట్లాడుకుంటున్న వాళ్లం మాటలు ఆపి సైకిళ్లెక్కాము.

పడమటి దారి

చీమకుర్తి దారి అందమైనది కాదు గాని, అవసరమైనది. లోకమంతటా పేరున్న నల్లటి గెలాక్సీ గ్రానైటు ఇక్కడిదే. ఇంటి గది అంత రాళ్లను మోసుకుని లారీలు ఈ దారిన వెళ్తాయి. లారీ దాటేటప్పుడు వచ్చే గాలికి సైకిలు మొదట అవతలికి తోయబడి, వెంటనే లారీవైపు లాగబడుతుంది. అందుచేత హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి గాని చేతులు బిగుసుకోకూడదు. ఇద్దరు పక్కపక్కన మాట్లాడుకుంటూ వెళ్లడం ఈ దారిలో నిషేధం. సూర్యోదయానికి ముందు రోడ్డెక్కినవారు వెనుక ఎర్ర దీపం, ఒంటిమీద మెరిసే పట్టీ లేకుండా ఉండరాదు. మా యాత్రలో చీకటిపడిన తరువాత ఒక్క కిలోమీటరు కూడా తొక్కమని ఇంటివారందరికీ మాట ఇచ్చాము.

ఆ పడమటి దారి చివరన ఉన్నదే ఇందాక చెప్పిన అక్కగారి ఊరు. నవంబరులో మాలో ముగ్గురం ముందురోజు సాయంత్రం బస్సులో వెళ్లి రాత్రి వారింట ఉన్నాము. తెల్లవారుజామున నాలుగింటికి భర్త లేచి సైకిలు బయటికి తీశాడు. క్యారియరు మీద దుప్పటి నాలుగు మడతలు వేసి తాడుతో కట్టాడు. భార్యను నెమ్మదిగా కూర్చోబెట్టి, ఆమె చెయ్యి తీసి తన నడుము చుట్టూ వేసుకున్నాడు. బస్సు ఆగే చోటు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. మట్టిరోడ్డు. పక్కింటివాళ్ల సైకిళ్లు అడిగి తీసుకుని మేమూ వెంట వెళ్లాము. దీపం లేదు. ఏ గుంట ఎక్కడుందో ఆయనకు తెలుసు. గుంట వచ్చే ముందు "పట్టుకో" అంటాడు, ఆమె పట్టుకుంటుంది. ఆ నాలుగు కిలోమీటర్లలో సైకిలు ఒక్కసారి కూడా ఎగిరిపడలేదు. మూడు నెలలుగా సాధన చేస్తున్న మేము ఆయన వెనుకబడ్డాము.

బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు మాష్టారు యాత్ర సంగతి, వసూలు చేయబోయే సొమ్ము సంగతి చెప్పారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మాష్టారూ, డబ్బు మీరు ఒక్కసారి ఇస్తారు. బస్సు మేము వారానికి మూడుసార్లు ఎక్కాల" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నమాట చెప్పాడు.

ఒంగోలు చేరేవరకు ముగ్గురమూ ఆ మాటే తలచుకున్నాము. ఆ వారమే సంఘ పెద్దలతో కూర్చుని చందా పద్ధతిని మార్చాము. ఒక్కసారి ఇచ్చే కానుక కాక, పన్నెండు నెలలపాటు నెలనెలా ఇచ్చే మాట తీసుకోవాలని నిర్ణయమైంది. కిలోమీటరుకు రూపాయి చొప్పున ఇస్తే నెలకు 360 రూపాయలు. కూలి కుటుంబాలు కిలోమీటరుకు పది పైసలు ఇచ్చినా నెలకు 36 రూపాయలవుతుంది. స్త్రీల సమాజంలో ఎక్కువమంది ఈ 36 రూపాయల లెక్కకే పేర్లు రాయించారు. ఇప్పుడు ఆ జాబితాయే పొడవుగా ఉంది.

కొండ

తిరుపతి దాటి చిత్తూరు వైపు వెళ్లే దారి పైకి ఎక్కుతుంది. మా ఒంగోలు చుట్టూ అలాంటి ఎక్కుడు లేదు. ఉన్నదల్లా ఊరి పక్కన ప్రార్థన కొండ. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జూయెట్ దొరగారు, ఆయన భార్య, మరి ముగ్గురు తెలుగు విశ్వాసులు ఈ కొండ ఎక్కి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని వారు అడిగారు. క్లౌ గారు ఇక్కడికి వచ్చింది 1866లో. అంటే పన్నెండు సంవత్సరాల తరువాత. కొండ ఎక్కి వచ్చిన మరునాడే ఫలితం చూడాలనుకునే మాబోటివారికి ఆ పన్నెండేళ్లు గుర్తుండవలసిన సంగతి.

మేము సైకిళ్లు కింద పెట్టి, వారానికి రెండుసార్లు ఈ కొండను కాలినడకన మూడేసి మార్లు ఎక్కి దిగుతున్నాము. తొడల కండరాలు గట్టిపడడానికి ఇది మంచి సాధనం. దిగేటప్పుడు పరుగెత్తకూడదు, మోకాళ్లు దెబ్బతింటాయి.

దక్షిణపు దారి

శనివారం మా దూరప్రయాణ దినం, ఎందుకంటే ఆదివారం ఆరాధన. జాతీయ రహదారి మీద టంగుటూరు, సింగరాయకొండ, ఉలవపాడు. టంగుటూరు చుట్టుపక్కల డిసెంబరులో పొగాకు చేలు పచ్చగా, మనిషి నడుము ఎత్తున ఉంటాయి. ఉలవపాడు మామిడి పేరు తెలియనివారెవరు? మేము వెళ్లే కాలానికి కాయలుండవు గాని, చెట్ల నీడ ఉంటుంది.

దూరం పెంచడంలో మేము పాటించే సూత్రం ఒక్కటే. ముందు వారం కంటే పదోవంతు మాత్రమే ఎక్కువ. 20 కిలోమీటర్లతో మొదలుపెట్టాము. ఆపైన 22, 24. ప్రతి నాలుగవ వారం దూరం బాగా తగ్గించి ఒంటికి విశ్రాంతి. గుండె, ఊపిరితిత్తులు త్వరగానే అలవాటు పడతాయి, కీళ్లు, నరాలు ఆలస్యంగా పడతాయి. ఉత్సాహం వచ్చింది గదా అని ఒక్కసారే పెంచితే ఆ కీళ్లే తిరగబడతాయి. ఈ లెక్కన క్రిస్మసు సమయానికి 77కు చేరాము. ఇక 85, 94, 100. నూరు తొక్కగలిగినవారు మొదటి రోజు నెల్లూరుకు 120 తొక్కగలరు. గంటకు 15 కిలోమీటర్ల చొప్పున అది ఎనిమిది గంటల పని.

ఈ తీరంలో అక్టోబరు నుండి డిసెంబరు వరకు వాయుగుండాల భయముంటుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన నాటి సంగతి మనం మరచిపోలేదు. కాబట్టి వాన వారాల్లో సంఘపు హాలులోనే మెట్లెక్కడం, గుంజీలు తీయడం వంటివి చేశాము. వేసవిలో ఇటువంటి యాత్ర పెట్టుకోరాదు. మన ఎండలు అలాంటివి.

సైకిలు, శరీరం

మాలో పదిమందివి మామూలు నల్ల సైకిళ్లే. మా పేట సైకిలు షాపు సాయిబు గారు అన్నిటినీ ఓవరాయిలు చేసి, సామాను ఖర్చు తప్ప కూలి పుచ్చుకోలేదు. "నా కూలి ఆ రోగుల లెక్కలో రాసుకోండి" అన్నారు. ఆయన చెప్పిన మాటలు ఏ ఊళ్లో ఎవరికైనా పనికివస్తాయి. సీటు మీద కూర్చుని, కిందికి దిగిన తొక్కుడు మీద మడమ ఆనిస్తే కాలు తిన్నగా రావాలి. అప్పుడు పాదం ముందుభాగంతో తొక్కితే మోకాలు కాస్త వంగి ఉంటుంది. సీటు తక్కువైతే మోకాళ్ల నొప్పి, ఎక్కువైతే నడుము నొప్పి. టైర్లలో గాలి తక్కువైతే అనవసరపు శ్రమ. వారానికొకసారి చైను తుడిచి నూనె వేయాలి. పంపు, ప్యాచీలు, సొల్యూషను, ఒక స్పానరు ఎప్పుడూ వెంట ఉండాలి.

దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకొకసారి రెండు గుక్కలు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది గనుక వట్టి నీళ్లు చాలవు. లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి, నిమ్మకాయ పిండితే చాలు. బయలుదేరే ముందు రాగి జావ, దారిలో అరటిపళ్లు, పల్లీ ఉండలు, ఇంటికి వచ్చాక మజ్జిగన్నం. కొనే సీసాల అవసరం మాకు కలగలేదు. నలభై దాటినవారు, చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారు ముందుగా డాక్టరును కలవాలి. చక్కెర వ్యాధి, రక్తపోటు మూత్రపిండాలను పాడుచేసే ముఖ్య కారణాలు కూడా. మా పద్నాలుగు మందిలో ఇద్దరికి రక్తపోటు ఉన్నట్టు ఈ పరీక్షలోనే బయటపడింది. మందులు మొదలుపెట్టారు. డాక్టరు అనుమతితో మాతోనే తొక్కుతున్నారు.

ప్రయాసం ఎందుకు

"ఇంత ప్రయాసమెందుకు? కానుకల పెట్టె ఒకటి పెడితే చాలదా?" అని సంఘంలో ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్న. డబ్బు మాత్రమే కావలసి ఉంటే పెట్టె చాలు. కాని ఈ ఆరు నెలల్లో మా వీధుల్లో ప్రతి ఇంటివారూ "ఎక్కడిదాకా తొక్కారు?" అని అడుగుతున్నారు. అడిగిన ప్రతివారికీ వారానికి 360 కిలోమీటర్ల సంగతి చెబుతున్నాము. ఇంతకుముందు ఆ అక్క పేరు కూడా తెలియనివారు ఇప్పుడు ఆమె వచ్చే రోజులు తెలుసుకుని ఆసుపత్రికి భోజనం పంపుతున్నారు. ప్రశ్న వేసిన పెద్దాయనే మంగళవారాల్లో ఆమెను తన స్కూటరు మీద బస్టాండుకు దింపుతున్నారు.

మా దారి ఇది. మొదటి రోజు నెల్లూరు, రెండవ రోజు శ్రీకాళహస్తి, మూడవ రోజు చిత్తూరు, నాలుగవ రోజు వేలూరు. వేలూరే ఎందుకంటే, మన పల్లెల్లో తరతరాలుగా పెద్ద జబ్బు వస్తే అనుకునే మాట "వేలూరు తీసుకుపోండి" అని. 1900లో ఐడా స్కడ్డరమ్మగారు ఒక్క మంచంతో అక్కడ వైద్యం మొదలుపెట్టారు. 1918లో ఆడపిల్లలకు వైద్య విద్యాలయం తెరిచారు. మన దేశంలో మూత్రపిండ మార్పిడి మొదటిసారి సఫలమైంది 1971లో ఆ ఆసుపత్రిలోనే. మేము అక్కడ అడిగేదేమీ లేదు. గేటు దగ్గర దిగి, వందనం చెప్పి, తిరుగు బస్సెక్కుతాము.

ప్రియ పాఠకులారా, మీ సంఘంలోనూ, మీ వీధిలోనూ ఇలా వారానికి మూడుసార్లు బస్సెక్కేవారు ఉండవచ్చు. సైకిలు యాత్ర అందరివల్లా కాకపోవచ్చు. వారు ఏయే రోజుల్లో వెళ్తారో, తోడెవరు వెళ్తారో, ఆ రోజు కూలి ఎలా గడుస్తోందో ఒకసారి వెళ్లి అడగండి. ఆ రోజుల్లో ఒక రోజుకు మీరు తోడు వెళ్లగలిగితే, ఆ ఇంటి మనిషి కూలికి పోగలుగుతాడు. దానికి నెలల తరబడి సాధన అక్కరలేదు, మంగళవారమే మొదలుపెట్టవచ్చు.